నూట పదహారు పాళ్ల ఇంధనం

దేవుడికి మొక్కుకున్నది యంత్రానికి వినబడుతుందా? ఈ కథ చెబుతున్నవాడికి ఏళ్లుగా ఉన్న సందేహం ఇది. రోజూ దీపం పెడుతున్నా జవాబు మాత్రం దొరకలేదు. నాచారంలో తారామణి తేల్చిన కేసు విన్నాక సందేహం తీరలేదు గానీ, దాని మీద కాస్త ముద్దు పుట్టింది.

తారామణి ఇరవై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. టికెట్టు కొననివాణ్ణి నిలబడ్డ తీరు చూసి పట్టేసేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక మందుల దుకాణం మీద ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. ఆమెకు అంతుచిక్కని రహస్యం ఇంకా పుట్టలేదని సహాయకుడు గోవర్ధన్ నమ్మకం.

ఒక ఉదయం స్పందన అనే అమ్మాయి ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది.

“మేడం, నా విమానం ఎగిరింది!”

“మంచిదే గదమ్మా. ఏడుస్తవేంది?”

“అది ఎగరొద్దు మేడం!”

స్పందన కంప్యూటర్లో ఒక అంతరిక్ష విమానాన్ని తయారు చేస్తోంది. దానికి స్క్రామ్‌జెట్ ఇంజన్. ఎదురుగా దూసుకొచ్చే గాలినే మింగి, అందులో హైడ్రోజన్‌ను మండిస్తుంది. ఆటబొమ్మలా కాకుండా అసలు ఇంజన్ ఎలా నడుస్తుందో అచ్చం అలాగే నడవాలని ఆమె పంతం. నాలుగు నెలలుగా, ధ్వనికి పదకొండు రెట్ల వేగం అందుకోగానే ఇంజన్ గోడలు కరిగి విమానం కూలిపోతోంది. ఇవాళ మాత్రం కూలలేదు.

“ఇంధనం నూరు పాళ్లు పెట్టిన. ఎవరో నూట పదహారు చేసిన్రు. రేపు హబ్సిగూడల పోటీ, శాస్త్రవేత్తలకు చూపెట్టాలె. ఎందుకు ఎగిరిందో చెప్పలేకపోతే అది దొంగలెక్కే. పేరు వాపస్ తీసుకుంట.”

నాచారంలోని స్పందన ఇంట్లో ఆ ఉదయం ఆమె కాక ఉన్నది ముగ్గురే. తండ్రి బాలనర్సింహ, తల్లి వెంకటనర్సమ్మ, ప్రాజెక్టులో తోడుగా ఉన్న ఫణీంద్ర. కంప్యూటర్ తెర పైన గుండ్రటి బొట్టు ఉంది. తారామణి కీబోర్డు మీదికి వంగింది. 1, 6 మీటల మీద సన్నటి ఎర్ర మరక. వేలితో రాసి చూసి లేచింది.

ఫణీంద్ర పోస్టరుకు రంగులు వేస్తున్నాడు. వేళ్ల నిండా ఎర్ర సిరా.

“గెలవాలని నీకు లేదా బాబూ?”

“ఉందండీ. గోడలు కరగడం లెక్కలోంచి తీసేద్దాం, ఎవరు చూస్తారులే అని ఓసారి అన్నాను. స్పందన వారం రోజులు నాతో మాట్లాడలేదు. మళ్ళీ చెయ్యి పెడతానా?”

బాలనర్సింహ నోట్లో పాన్. పెదవులు, వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నేను లేత్ మిషన్ నడిపినోణ్ణి మేడం. గా డబ్బా ముట్టుకుంటే బిడ్డ నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తది.”

వెంకటనర్సమ్మ చాయ్ తెచ్చింది.

“నాకేం తెలుస్తది చెల్లె? పొద్దుగాల దీపం పెట్టి, గా డబ్బాకింత బొట్టు పెడ్త. గా ఇమానం రోజూ ఒక్క జాగలనే కూలుతుంటే పానం గుంజుతది.”

“ఎందుకు కూలుతుందనుకున్నవ్ అక్కా?”

“కీసరగుట్ట మొక్కు బాకీ ఉన్నది. దేవుడు యాది చేస్తుండేమో.”

తారామణి పూజ అలమర వైపు చూసింది. కింద కొబ్బరికాయల కుప్ప. ఆమె పెదవులు కదిలాయి. జపం చేస్తోందో, లెక్క పెడుతోందో గోవర్ధన్‌కు తెలియలేదు.

అందరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

“మీటల మీద మరక పొడి. సిరా అయితే వేలికి రాలదు, పాన్ అయితే జిగటగుంటది. ఇది కుంకుమ. ఇగ లెక్క సంగతి. ఇంజనీరు పెంచితే నూట పది చేస్తడు, లేకుంటే నూట ఇరవై. పెండ్లిల చదివింపులు రాసిన చేతికే నూట పదహారు తోస్తది. అక్కా, గుట్ట మీద ఎన్ని కాయలు మొక్కినవ్?”

వెంకటనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నూట పదహారు. పిల్లకు ఏడేండ్లప్పుడు జొరమొచ్చి తగ్గింది. నూరు కొట్టినం, మస్తు వాన పడ్డది, దిగొచ్చినం. ఇన్నేండ్లయినా పదహారు అట్లనే ఉన్నయి. రోజూ గా డబ్బాల నూరు, నూరు అని కనవడ్తుంటే శివుడే అడుగుతున్నట్టుండె. గుట్టకు పోయేదాంక ఆ పదహారు దీనికన్నా ఇద్దామని, నువ్వు మార్చేటట్టే మార్చిన బిడ్డా.”

“అమ్మా!” స్పందనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “అయినా ఎట్ల ఎగిరింది? లోపలికొచ్చే గాలికి నూరు పాళ్లే సరిపోతది. పైన పోసింది కాలదు, వృథా.”

“కాలకముందు ఆ హైడ్రోజన్ ఎటుకెళ్లి పోతది?” అంది తారామణి.

“ఇంజన్ గోడల గొట్టాల్లకెళ్లి...”

“అక్కా, అన్నం అడుగంటకుండ ఏం చేస్తవ్?”

“ఇన్ని నీళ్లు ఎక్కువ పోస్త.”

స్పందన కుర్చీ లాక్కుంది. నూట పది పెట్టింది. గోడలు కరిగాయి. నూట పదమూడు పెట్టింది. నిలబడ్డాయి.

“పైన పోసింది గోడల వేడిని మోసుకపోతది! ఇంధనం జర జల్ది అయిపోతది, అయినా పైకి చేరుతది. వృథా అనుకొని నేను నూరు దాటనే లే. రేపు ఇదే చెప్త. పదమూడు చాలమ్మా.”

“ఉండనీ బిడ్డా. పదహారే ఉండనీ.”

మర్నాడు హబ్సిగూడలో ఒక పెద్దాయన ఆ అంకె ఎక్కడిదని అడిగాడు. స్పందన గోడల వేడి లెక్కంతా చూపించి, “ముందు పెట్టింది మా అమ్మ” అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆదివారం అందరూ కీసరగుట్ట ఎక్కారు. మెట్ల మీద గోవర్ధన్ అడిగాడు. “మేడం, విమానాన్ని నిలబెట్టింది లెక్కనా, మొక్కా?”

“నేను కండక్టర్ని రా. టికెట్ ఉందా లేదా, గంతే చూస్త. బండి నడిపేటోడు ముందర కూసుంటడు.”

బాలనర్సింహ పదిహేను కాయలు కొట్టాడు. పదహారోది వెంకటనర్సమ్మ కూతురి చేతిలో పెట్టింది. స్పందన ఒక్క దెబ్బకు పగలగొట్టింది. నీళ్లు రాతి మీద పారాయి.

“ఇగ బాకీ లేదు సామీ,” అంది తల్లి.