హంతకుణ్ణి మార్చేసిన లైబ్రేరియన్

"హంతకుడు వంటవాడు కాదు, ఖజానాదారు!"

లైబ్రరీలో ఆ కేక విని అందరూ తలలెత్తారు. కిటికీ పక్కన అదే నవల ఇంకో కాపీ చదువుకుంటున్న పెద్దాయన పుస్తకం టప్పున మూసేశాడు. "నీకు పుణ్యముంటుంది తల్లీ, నేనింకా మూడో అధ్యాయంలోనే ఉన్నాను" అని గొణుక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు.

అరిచిన అమ్మాయి దంతాల ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. పన్ను వెంట్రుకవాసి ఎత్తున్నా ఒప్పుకోని మనిషి. అలాంటిది హంతకుడే మారిపోతే ఊరుకుంటుందా? మధ్యాహ్నం భోజనం మానేసి, తెల్లకోటు కూడా విప్పకుండా వచ్చేసింది.

కౌంటర్ వెనక లైబ్రేరియన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మీరు... చివరి అధ్యాయం చదివారా?"

"చదివాను. పోయిన నెల మా అమ్మమ్మకి మీరు చదివి వినిపించిన ముగింపు ఇందులో ఒక్క ముక్క లేదు!"

అసలు సంగతేంటంటే, అమ్మమ్మ ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చిన్న అక్షరాలు ఆనడం లేదు. డిటెక్టివ్ నవల లేకపోతే ముద్ద దిగదు. అందుకని లైబ్రేరియనే మంగళ, శుక్రవారాలు ఇంటికొచ్చి చదివి పెడుతున్నాడు. అన్నీ ఒకే వరస నవలలు. పాతకాలం కోటలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంటుంది. కొత్వాలు తలపట్టుకుని కూర్చుంటే, ఈవిడ సూదీ దారం పక్కనపెట్టి హంతకుణ్ణి పట్టేస్తుంది. అమ్మమ్మ ఇంకా ఘటికురాలు. సగం పుస్తకంలోనే హంతకుడెవరో చెప్పేస్తుంది.

మనవరాలి ధైర్యమంతా ఆ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. ఎందుకంటే ఈ ఆదివారం మావయ్య వస్తున్నాడు. "ఇవాళ ఏ వారమే అని పూటకోసారి అడుగుతోందని నువ్వే అన్నావు. అమ్మకి మతిమరుపు మొదలైంది. ఇక నా దగ్గరికి తీసుకుపోతాను" అని పట్టుబట్టాడు. "మతిమరుపున్న మనిషి హంతకుల్ని పట్టుకుంటుందా మావయ్యా?" అని ఈ అమ్మాయి ఫోన్లో దబాయిస్తూ వస్తోంది. తల్లీ తండ్రీ పోయాక పదేళ్ళ పిల్లని గుండెల మీద పెట్టుకుని పెంచింది అమ్మమ్మే. అమ్మమ్మ లేని ఇంటికి తాళం తీయడం ఊహించుకోవడానికే ఆమెకి భయం.

"నిజం చెప్పండి. ఎన్ని పుస్తకాలు మార్చారు?"

"నాలుగు."

"నాలుగా!"

"మొదటిదాంట్లో తోటమాలి అన్నారండీ. 'ఇది తప్పయితే నా బుర్ర పనైపోయినట్టే నాయనా' అని కూడా అన్నారు. చివరికొచ్చి చూస్తే రాణిగారి తమ్ముడు. ఆ మాట చదవడానికి నాకు నోరు రాలేదు. తోటమాలే అని చదివేశాను."

"రెండోది?"

"ముసలి మంత్రి."

"ఆయన రెండో అధ్యాయంలోనే చచ్చిపోయాడు కదా!"

"అవునండీ. నానా తంటాలూ పడి బతికించాను. చచ్చినట్టు నటించాడని చెప్పి..."

"ఇప్పుడు చదువుతున్న ఐదోది?"

అతను నసిగాడు. "ఇవాళ్టితో అయిపోతుంది. హంతకురాలు దర్జీ ఆవిడే అని మంగళవారం తేల్చేశారు."

"హంతకుణ్ణి పట్టుకునే ఆవిడేనా!"

ఇంకో రోజైతే ఈ అమ్మాయి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు మాత్రం కుర్చీలో కూలబడిపోయింది. "అయితే మావయ్య చెప్పిందే నిజమన్నమాట" అంది. కళ్ళనిండా నీళ్ళు. "జబ్బు మొదలైతే ముందు తెలియాల్సింది నాకు. మీరు దాచిపెట్టారు. మిమ్మల్ని ఎంతో మంచివాళ్ళనుకున్నానండీ."

ఆ చివరి మాటకి అతని ప్రాణం చివుక్కుమంది.

"తప్పు నాదే. సాయంత్రం ఉన్నది ఉన్నట్టు చదువుతాను. మీరూ పక్కనే ఉండండి. ఏదొచ్చినా ఇద్దరం చూసుకుందాం."

"ఇద్దరం ఏంటి? ఆవిడ మా అమ్మమ్మ."

"నాకూ అలవాటైపోయారండీ" అన్నాడు, తల దించుకుని.

సాయంత్రం ఆమె గంట ముందే సెలవు అడిగి బయటపడింది. వాన. ల్యాబు గేటు దగ్గర అతను గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె పలకరించకుండా విసవిసా నడిచింది. ఆమె గొడుగు కిందికి రాలేదు గానీ, గొడుగే ఆమె వెంటపడి వచ్చింది. ఇల్లు చేరేసరికి ఆమె పొడిగా ఉంది, అతను నిలువునా తడిసి ముద్దయ్యాడు.

"ఇద్దరూ కలిసొచ్చారేం?" అంది అమ్మమ్మ.

"వాన కదా" అంది మనవరాలు.

"వానకీ దానికీ సంబంధం ఏంటే? సరే, ఆ అబ్బాయికి తువ్వాలియ్యి."

అతను తల తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. మనవరాలు కుర్చీ వెనక నిలబడి, కనిపించని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటోంది. ఆఖరి పేజీ వచ్చింది. అతను ఒక్కసారి ఆమె వైపు చూశాడు. ఆమె 'చదవండి' అన్నట్టు తలూపింది.

"విషం కలిపిన చెయ్యి... రాజవైద్యుడిది."

అమ్మమ్మ కళ్ళజోడు తీసి అతన్ని ఎగాదిగా చూసింది.

"అదేంటి నాయనా, ఇవాళ నిజం చదివేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

పుస్తకం అతని చేతిలోంచి జారిపోయింది.

"అమ్మమ్మా! నీకు తెలుసా?"

"తెలియకేం. మొదటి పుస్తకంలో తోటమాలి అని నిజంగానే పొరబడ్డాను. పొరబడనివాళ్ళెవరే? ఇతను కూడా తోటమాలే అని చదివాడు. కానీ హత్య జరిగిన రోజు తోటమాలి ఊళ్ళోనే లేడని పన్నెండో అధ్యాయంలో ఇతనే చదివాడు కదా! జవాబు ముందు రాసుకుని లెక్క తర్వాత చేసే పిల్లల్ని ముప్పై ఏళ్ళు చూశాను. నాకు తెలీదూ?"

"మరి చచ్చిపోయిన మంత్రి?"

"చచ్చినవాణ్ణి ఎలా లేపుతాడో చూద్దామని. లేపాడు! అచ్చయిన ఏ కథకన్నా అదే బాగుంది. ఇక వదలబుద్ధి కాలేదు. ఇవాళ దర్జీ ఆవిడని ఎలా ఇరికిస్తాడా అని పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాను. అంతా నీరుగార్చేశాడు."

మనవరాలు అక్కడే నేల మీద కూర్చుని అమ్మమ్మ మోకాళ్ళు కావలించుకుంది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందో తెలియడం లేదు. మధ్యాహ్నం నుంచీ గుండె మీదున్న బండ దిగిపోయింది.

"మరి పూటకోసారి ఏ వారమే అని ఎందుకడుగుతావు? నా ప్రాణం తీశావు కదా!"

"నువ్వెలా చెప్తావో చూడ్డానికి. సోమవారం అనేటప్పుడు ఏడుపుమొహం. శుక్రవారం అనేటప్పుడు అద్దంలో చూసుకో ఒకసారి." తర్వాత అతని వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ తిన్నావా? ఐదున్నరకి గుర్రం దిగిన రాజుగారు, ఆరుంపావుకి ఇది తలుపు తీసేదాకా మెట్లెక్కుతూనే ఉంటారు. ఏ కోటకీ అన్ని మెట్లుండవు నాయనా."

అతని మొహం చెవులదాకా ఎర్రబడింది.

"నేను టీ పెట్టొస్తాను. నాకు టీ పెట్టడం చాలా ఆలస్యమవుతుంది" అని అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె లేచి, కింద పడ్డ పుస్తకం తీసి అతనికిచ్చింది.

"ఆ మెట్ల సంగతి నిజమేనా?" అందామె.

"నిజమే. మీరొచ్చేలోపు కథ అయిపోతే లేచి వెళ్ళాలి కదండీ."

"అబద్ధాలకోరు."

"ఇకనుంచి ఉన్నది ఉన్నట్టే చెప్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుంటారా? అమ్మమ్మగారిని మనతోనే ఉంచుకుందాం."

ఆమె తెల్లకోటు బొత్తాం తిప్పుతూ నిలబడింది. "అమ్మమ్మనీ కలిపి అడిగారు చూడండి, ఇక కాదనడానికి నాకు దారి లేకుండా చేశారు" అంది. "నాకూ ఇష్టమే. మూడు నెలల్నుంచీ."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మావయ్య. ఆమె తీసేలోపే అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి అందుకుంది. టీ పెట్టిన జాడ ఎక్కడా లేదు.

"ఒరేయ్, నా బుర్రకేం కాలేదు, దివ్యంగా ఉన్నాను" అంది. "ఆదివారం నన్ను తీసుకుపోవడానికైతే రాకు. పెళ్ళి మాటలకైతే రా."