యాంటెన్నా పట్టుకున్న మనిషి

ఏర్పేడులో టీవీలు వచ్చిన కొత్తలో ఏ సీరియల్ చూడదగిందో, ఏది కాదో తేల్చేది ఏకాంబరమే. పగలంతా వేరుశెనగ మండీలో కూర్చునేవాడు. సాయంత్రం ఏడున్నరకు కాళ్ళు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే మాత్రం ఆయన తీరే వేరు. తిరుపతిలో అచ్చయ్యే ఒక చిన్న వారపత్రికకు 'తొలి చూపు' అనే శీర్షిక రాసేవాడు. కొత్త సీరియల్ మొదలైనా, ఆగిపోయింది మళ్ళీ మొదలైనా, మొదటి భాగం చూస్తాడు. మనసైతే రెండోది చూస్తాడు. ఆ తర్వాత దాని మొహం చూడడు.

"మొదటి అరగంట కూసోబెట్టలేనోడు పదమూడు వారాలు ఏం కూసోబెడతాడబ్బా?" అనేవాడు మండీకి వచ్చిన రైతులతో.

రాతలో పదునుంది, కాదనకూడదు. పల్లెటూరి కథ అని చెప్పి ఇస్త్రీ చీర మడత నలక్కుండా పేడ ఎత్తించిన సీరియల్‌ని చీల్చి చెండాడాడు. ముగ్గురన్నదమ్ములు ఒకే గదిలో నిలబడి అరగంటసేపు ఆస్తి గురించి మాట్లాడుకున్న సీరియల్‌కి, "ఎవరైనా వీళ్ళకు కుర్చీలు వేయండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. కాళహస్తి బస్సుల్లో జనం అది చదివి నవ్వుకునేవాళ్ళు. ఆయన బాగుందంటే ఆ వారం టీవీ ఉన్న ఇళ్ళ ముందు చెప్పులు పెరిగేవి.

అయితే ఆ అభిప్రాయాల వెనక ఇంకో మనిషి ఉండేది. ఆమె పేరు ఏ వారమూ పత్రికలో పడలేదు.

తిరుపతి నుంచి వచ్చే ప్రసారం ఏర్పేడుకు అందీ అందనట్టుండేది. మిద్దె మీద ఇరవై అడుగుల ఇనప పైపు, దాని కొసన యాంటెన్నా. గాలి కాస్త విసిరితే పైపు తిరిగిపోయేది, బొమ్మ చెదిరిపోయేది. అందుకని ఏకాంబరం భార్య వసంతమ్మ ఆ అరగంటా మిద్దె మీద పైపు పట్టుకుని నిలబడేది. "వచ్చిందా బావా?" అని పైనుంచి. "ఇంగొంచెం తిప్పు... ఆ, వచ్చింది. ఆడనే పట్టుకో" అని కిందనుంచి. టీవీ కొన్న మూడేళ్ళలో ఆమె ఒక్క సీరియల్ చూసి ఎరగదు. అన్నం పెట్టేటప్పుడు కథేమిటని అడిగితే, "పేపర్లో వస్తాది గదా, సదువుకో" అనేవాడు. ఆ పిచ్చితల్లి పొయ్యి దగ్గర కూర్చుని నిజంగానే చదువుకునేది. వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆయనకు మాత్రం అది సంసారంలో మామూలు పనిలాగే తోచింది.

ఒక కార్తీకంలో 'పెరటి తలుపు' అనే సీరియల్ మొదలైంది. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు, టీవీ చూడ్డానికి వీధివాళ్ళెవరూ రాలేదు. ప్రసారం మొదలయ్యేసరికి గాలీ ఉరుములూ పట్టుకున్నాయి. మూడుసార్లు పైనుంచి గొంతు వచ్చింది.

"బావా, మెరుస్తా ఉండాది. దిగేదా?"

"దిగొద్దు. ఇంగ రవ్వంతసేపు. ఆడనే పట్టుకో."

మూడోసారి అడిగినప్పుడు ఆ గొంతులో ఏడుపుంది. ఏకాంబరం నోటుబుక్కు మీదినుంచి తలెత్తకుండానే అదే జవాబు చెప్పాడు. మరుక్షణం ఇల్లంతా అదిరేలా పిడుగు పడింది. కరెంటు ఒక్కసారి పోయి వచ్చింది. ఆ వెంటనే బొమ్మ అద్దంలా తేటపడింది. అంత మంచి బొమ్మ ఆ ఇంట్లో అంతకుముందు ఎన్నడూ రాలేదు. పైనుంచి మళ్ళీ పిలుపు రాలేదు, ఆయనా పిలవలేదు. చివర పేర్లు పడేదాకా చూసి, కలానికి మూత పెట్టి, అప్పుడు మెట్లెక్కాడు.

ఆరేసిన గుడ్డలు తీయడానికి మిద్దె మీదికి పోయి పిడుగుకు బలైందని అందరికీ చెప్పాడు. నాకు తెలియనే తెలియదు, నేను లోపల రాసుకుంటున్నానన్నాడు. ఏడ్చాడు కూడా. ఏడుపులో దొంగతనం లేదు గానీ, మాటలో ఉంది. చెప్పగా చెప్పగా ఆ తీగ మీద గుడ్డలు ఆయనకే కనిపించసాగాయి. నాలుగు వారాలు ఆగి ఆ సీరియల్ మీద అభిప్రాయం పంపాడు. బాగుందనే రాశాడు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయిన మూడోనాడు, వసంతమ్మ తల్లి సుబ్బులమ్మ వెళ్ళిపోకుండా చిన్న కూతురు దేవకమ్మతో ఆ ఇంట్లోనే నిలిచింది. ఏకాంబరం ఆవిడకు మేనల్లుడే. పెద్దదాని చోటులో చిన్నదాన్ని ఇచ్చి సంబంధం నిలుపుకోవాలని ఆవిడ ఆశ. వచ్చే శుక్రవారం తాంబూలాలు పుచ్చుకోవాలనుకున్నారు. దేవకమ్మ ఔననలేదు, కాదనలేదు. ఆ మధ్యాహ్నం ఏకాంబరానికి మజ్జిగ పోస్తూ మాత్రం ఒక మాట అడిగింది.

"బావా, పోయినేడు నువ్వు రాసింది నా కాడ దాచిపెట్టినా. మొదటి భాగం సగానికి బొమ్మ అద్దం మాదిరిగా వచ్చింది, కడదాకా చెదరలేదని రాసుండావు."

"ఔను. అయితే ఏంది?"

"ఆ గాలివానలో పైపు ఎవురు పట్టుకోనుండారు?"

ఏకాంబరం ముద్ద నోటి దగ్గర ఆగింది. "గాలి నిలిచిపోయింది" అన్నాడు. దేవకమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, చెంబు పట్టుకుని లేచిపోయింది. శుక్రవారం దాకా ఈ పిల్ల నోరు మూసుకుంటే చాలు, ఆ తర్వాత నా ఇల్లు, నా మాట, అనుకున్నాడు ఆయన.

ఆ సాయంత్రమే 'పెరటి తలుపు' మళ్ళీ మొదలవుతోంది. కొత్తగా ఇంకో పదమూడు భాగాలట. ఏకాంబరం వీధివాళ్ళను లోపలికి రానివ్వడం ఏడాదిగా మానేశాడు. యాంటెన్నా పైపును మేస్త్రీతో సిమెంటు పోయించి బిగించేశాడు, ఇక దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు, తిప్పాలన్నా తిరగదు. హాలు వెనకనుంచి మిద్దెకు పోయే మెట్లున్నాయి. మెట్ల పైన తలుపుకు గడియ బిగించి ఉంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బయట గాలి లేదు, మబ్బు లేదు. వీధిలో ఎవరో వేరుశెనక్కాయలు వేయిస్తున్న వాసన వస్తోంది. సుబ్బులమ్మ గోడవారన చాప మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఏకాంబరం కుర్చీలో కూర్చుని తేదీ వేసుకున్నాడు.

సీరియల్ మొదలైంది. పాత ఇల్లే, పాత అత్తగారే. కోడలి వేషానికి మాత్రం కొత్త మనిషిని తెచ్చారు. "కోడలు మారింది, అత్తకు తెలిసినట్టు లేదు" అని రాసుకున్నాడు. ఆ వాక్యం తనకే నచ్చింది. ఇంతలో బొమ్మ మీద చీమలు పాకినట్టు చుక్కలు లేచాయి. మనుషులు సాగిపోయి, కరిగిపోయి, తెర అంతా తెల్లబారింది. లేచి రెండు తట్లు తట్టాడు. లాభం లేదు.

అప్పుడు మిద్దె మీద అడుగుల చప్పుడైంది.

మెల్లగా నడుస్తున్న అడుగులు. తడి నేల మీద నడిచినట్టు చప్ చప్‌మంటున్నాయి. పైపు దగ్గరికి పోయి ఆగాయి. ఆ తర్వాత కిర్రుమని ఇనుము తిరిగిన శబ్దం... సిమెంటులో బిగించిన పైపు తిరుగుతోంది.

తెర మీద కోడలి మొహం మెల్లగా తేలింది.

"వచ్చిందా బావా?"

దేవకమ్మ పైకి పోయి ఉంటుందనుకున్నాడు. ఇద్దరూ బావా అనే పిలుస్తారు, గొంతులూ కలుస్తాయి. "వచ్చింది" అని కేకేశాడు. ఎప్పటిలాగే ఇంకో మాట అనబోయి, గుటకేసి ఆగిపోయాడు.

వంటింట్లోంచి దేవకమ్మ దీపం పట్టుకుని వచ్చింది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు బావా?"

ఆయన మెట్లవైపు చూశాడు. పైన తలుపుకు గడియ వేసినట్టే ఉంది. తలుపు సందులోంచి తడిసిన సున్నం వాసన దిగి వస్తోంది... దాని వెనకే కాలిన వెంట్రుకల వాసన.

"బావా..." పైనుంచి గొంతు. "మెరుస్తా ఉండాది. దిగేదా?"

సుబ్బులమ్మ చేతిలో అడకత్తెర ఆగిపోయింది.

ఆవిడా విన్నది. దేవకమ్మా విన్నది. కిటికీలోంచి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలే. సుబ్బులమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆవిడ కళ్ళలో భయం లేదు.

"నా బిడ్డ గొంతు" అంది.

"కాదత్తా. గాలి. పలకొద్దు... నీకు దండం పెడతా, పలకొద్దు."

"గాలి నిన్ను బావా అంటాదా?"

ఏకాంబరం రెండు చేతులూ జోడించాడు. వసంతమ్మ దిగి వస్తే... ఆ మెట్ల మీదినుంచి దిగి వస్తే... ఆ రాత్రి పైన తాను చూసిన ముఖం, ఆ చేతులు, పైపునుంచి తాను ఒక్కొక్కటే విడదీసిన ఆ వేళ్ళు... అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. వాటిని ఎవరికీ చెప్పలేదు.

"బావా, దిగేదా?"

రెండోసారి.

దేవకమ్మ దీపం కింద పెట్టింది. మెల్లగా, గుసగుసగా అడిగింది. "ఆ పొద్దు అక్క ఇట్లనే అడిగిందా? నువ్వేం జెప్పినావు బావా?"

"ఏం చెప్పలేదు. నాకు తెలీదు. గుడ్డలు..."

పైన అడుగులు కదిలాయి. ఒకటి... రెండు... తలుపు వైపు వస్తున్నాయి. తలుపు దగ్గర ఆగాయి. చెక్క మీద గోళ్ళు గీరిన చప్పుడు. మూడోసారి వచ్చిన గొంతులో ఏడుపుంది.

"దిగేదా బావా?"

ఏకాంబరం తనను తాను ఆపుకోలేకపోయాడు. మెట్లకేసి చేతులు అడ్డం పెట్టి, గొంతు చిరిగేలా అరిచాడు.

"దిగొద్దు! ఇంగ రవ్వంతసేపు... ఆడనే పట్టుకో!"

టీవీలో కోడలు ఏదో చెప్పుకుంటూ పోతోంది. తన నోటినుంచి ఏం వచ్చిందో ఆయనకు అప్పుడు వినిపించింది. ఏడాదిపాటు మూట గట్టి దాచింది తన చేతులతోనే విప్పి అత్త ముందు పరిచినట్టయింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

సుబ్బులమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చిన్నకూతురి చెయ్యి పట్టుకుంది. రెండడుగులు ముందుకు వేసి మెట్ల మొదట్లో నిలబడి, పసిపిల్లను నిద్ర లేపే గొంతుతో పిలిచింది.

"వసంతా... దిగు తల్లీ. నేను జెప్తా ఉండా, దిగు. నీ బావ ఈడనే ఉండాడు."

"అత్తా..."

ఆవిడ ఆయనవైపు తిరిగి కూడా చూడలేదు. దేవకమ్మను వెంటబెట్టుకుని గడప దాటింది. వీధి తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడిన చప్పుడైంది.

ఏకాంబరం తలుపు బాదాడు. పేరు పెట్టి పిలిచాడు. బతిమాలాడు. వెనక, మెట్ల పైన, తుప్పు పట్టిన గడియ ఎవరూ ముట్టుకోకుండానే జరిగింది. మిద్దె తలుపు తెరుచుకుంది. చల్లటి వాన గాలి హాల్లోకి వచ్చింది. దీపం ఆరిపోయింది. టీవీ వెలుతురులో మొదటి మెట్టు మీద తడి పాదం కనిపించింది... ఆ తర్వాత రెండోది. చీర కుచ్చెళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. ముఖం ఇంకా పైన చీకట్లోనే ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అడుగులు దిగుతూనే ఉన్నాయి...

తల్లీకూతుళ్ళు ఆ రాత్రి ఎదురింట్లో తలదాచుకున్నారు. అది మండీలో మూటలు తూచే ఓబయ్య ఇల్లు. తెల్లవారుతూనే ఓబయ్య పళ్ళు తోముకుంటూ తలెత్తి చూస్తే, ఎదురు మిద్దె మీద ఏకాంబరం నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో పైపు పట్టుకున్నాడు. పిలిస్తే పలకలేదు. ఓబయ్య పరుగెత్తి వీధి తలుపు గొళ్ళెం తీసి, హాలు దాటి, మెట్లెక్కి, గడియ లాగి మిద్దె మీదికి పోయాడు. ఏకాంబరం ప్రాణం పోయి చాలాసేపయింది. అరచేతులు మాడి ఇనుముకు అతుక్కుపోయాయి. పంచె పిండితే నీళ్ళు కారేట్టుంది. ఏర్పేడులో వాన పడి అప్పటికి ఇరవై రోజులు.

ఓబయ్య తడబడుతూ కిందికి దిగి వీధిలోకొచ్చాడు. సుబ్బులమ్మ గడప ముందే నిలబడి ఉంది. ఆవిడకు సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో మాట ఆపేశాడు. తన కుడి చేతివంక చూసుకున్నాడు.

"అమ్మా... మిద్దె తలుపుకు గడియ లోపల పక్క కదా ఉండేది. వేసుండె. నేనే తీస్తి. మనిషేమో బయట ఉండాడు." గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఎవురుండారు?"

సుబ్బులమ్మ చెప్పులు విడిచింది. దేవకమ్మను బయటే ఉండమని సైగ చేసి, లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది. ఓబయ్య, దేవకమ్మ వీధిలో నిలబడి చెవులు రిక్కించారు. లోపలినుంచి ఆవిడ మెల్లగా ఏదో మాట్లాడటం వినిపించింది. ఒక్కో మాటకీ మధ్య ఆగుతోంది. అవతలి మనిషి చెప్పేది పూర్తి కానిచ్చి, ఆ తర్వాత ఊ కొడుతోంది.