మిషన్ కింద దొరికిన గుండీ

"టక్!"

కుట్టుమిషన్ మీంచి ఏదో జారింది. గిరగిరా దొర్లుకుంటూ మిషన్ కిందికి వెళ్ళిపోయింది. హోంవర్క్ చేసుకుంటున్న డబ్బారాణి పుస్తకం పక్కన పడేసి, పొట్ట మీద పాకుతూ లోపలికి దూరింది.

ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మే. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషన్ కింద దొరికిన గుండీలన్నీ నీవే అని కూతురికి ఎప్పుడో మాటిచ్చింది. ఇంకేముంది, బిస్కెట్ డబ్బా నిండిపోయింది! మన రాణిగారు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ఈసారి దొరికింది మామూలు గుండీ కాదు. నీలం రంగు, మధ్యలో వెండి నక్షత్రం. అబ్బ, ఎంత బావుందో! గబుక్కున డబ్బాలో వేసేసింది.

కాసేపటికి అమ్మ బల్లంతా వెతకడం మొదలుపెట్టింది.

"ఆరు ఉండాలే! ఐదే ఉన్నాయేంటి? ఏమే, నక్షత్రం గుండీ ఏమైనా కనిపించిందా?"

రాణి మళ్ళీ పుస్తకంలో తలదూర్చింది. 'మిషన్ కింద దొరికింది కదా, నాదే' అని మనసుకి సర్దిచెప్పుకుంది. పైకి మాత్రం తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం పక్కింటి బుల్లి వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. మర్నాడు చర్చిలో మొదటిసారి పాట పాడబోతోంది. అందుకోసం అమ్మ కుట్టిన కొత్త గౌను వేసుకుని చూసుకుంది. ఐదు నీలం గుండీలు, ఆఖరిది మాత్రం తెల్లది.

"ఒకటి ఎక్కడో పోయింది తల్లీ. ఇల్లంతా గాలించాను" అంది అమ్మ నొచ్చుకుంటూ.

బుల్లి పెదవి వణికింది. "అవి మా నానమ్మ కోటువి ఆంటీ. నానమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది కదా..."

కళ్ళు తుడుచుకుని, తెల్ల గుండీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పర్లేదులే. ఇలా పట్టుకుని పాడతాను."

అంతలో మూత తీసి ఉన్న డబ్బా దాని కంటపడింది.

"అక్కా, ఇవన్నీ నీవేనా? అయితే ఒకటి పోయినా నీకు ఏడుపు రాదు కదా!"

రాణి గబుక్కున మూత పెట్టేసింది. డబ్బా వెనక్కి లాక్కుంది.

భోజనానికి ముందు అమ్మ ప్రార్థన చేసింది. రాణి కళ్ళు గట్టిగా మూసుకుంది. యేసయ్యని తలుచుకుందామంటే డబ్బానే కనిపిస్తోంది. మనం దేన్ని దాచుకుంటే మన మనసు దాని చుట్టూనే తిరుగుతుందని యేసయ్య మాటగా సండే స్కూల్ టీచర్ చెప్పారు. అప్పుడు రాణి కిసుక్కున నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు.

అమ్మ "ఆమెన్" అనేలోపే లేచి పరుగెత్తింది. డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"అబద్ధం చెప్పానమ్మా. నక్షత్రం గుండీ నా దగ్గరే ఉంది."

"బుల్లి ఏడుస్తున్నా చెప్పాలనిపించలేదా?"

"ఇచ్చేస్తే నాకుండదని..." రాణి వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మకి కోపం వచ్చింది, జాలీ వేసింది. కూతురి ముక్కు తుడిచి, ఇస్త్రీకని ఉంచుకున్న బుల్లి గౌను తెచ్చి తెల్ల గుండీ ఊడదీసింది. సూదిలో దారం ఎక్కించి చేతికిచ్చింది. "ఇంద, నువ్వే కుట్టు."

రాణి వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. గుండీ కాస్త వంకరగా కుదిరింది.

ఆదివారం పొద్దున్నే గౌను తనే పట్టుకెళ్ళింది. "గుండీ నేనే దాచాను బుల్లీ. సారీ."

బుల్లి మూతి ముడుచుకుంది. ఆరు గుండీలూ తడిమి చూసుకుంది. "అక్కా, ఇది వంకరగా ఉందే!" అంటూ పకపకా నవ్వేసింది.

చర్చిలో రెండు చేతులూ పైకెత్తి మరీ పాడింది.

సోమవారం బడి నుంచి వచ్చేసరికి మిషన్ మీంచి ఇంకో గుండీ దొర్లింది. రాణి పొట్ట మీద పాకుతూ వెళ్ళి తెచ్చింది. ఎర్రగా, మెరుస్తూ, ఎంత ముద్దుగా ఉందో!

గుప్పిట తెరిచి చూపించింది.

"ఇదెవరిదమ్మా?"