ఆలియా ఆడుతున్నంతసేపు

శనివారం మధ్యాహ్నం. సింగపూర్‌లో టోవా పాయో అనే పేటలోని కమ్యూనిటీ హాల్లో డోలు మోగుతోంది. వాయిస్తున్నది గీతాంజలి అనే పదకొండేళ్ల పిల్ల. చేతులు డోలు మీదే ఉన్నాయి గానీ, కళ్లు మాత్రం గుమ్మం దగ్గరున్నాయి.

గుమ్మంలో వాళ్లమ్మ తారాదేవి నిలబడి ఉంది. అమ్మకి శనివారం కూడా ఆఫీసే. కూతురి క్లాసుకి రావడం ఇదే మొదటిసారి. అదీ కాస్త తీరిక దొరికితే పరుగున వచ్చింది.

అది కాపొయెరా క్లాసు. కాపొయెరా అంటే బ్రెజిల్ దేశపు ఆట. చూస్తే పోట్లాటలా ఉంటుంది, వింటే పాటలా ఉంటుంది. పిల్లలంతా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ పాడతారు. ఆ వలయాన్ని రోడా అంటారు. దాని మధ్యలో ఇద్దరు ఆడతారు. ఒకరు కాలు విసిరితే రెండోవారు వంగి తప్పుకోవాలి. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. వాయిద్యం ఆగితే ఆట కూడా ఆగిపోవాలి.

గీతాంజలి వాళ్లు రాజమండ్రి నుంచి సింగపూర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. స్కూల్లో పిల్లలు గబగబా ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు. ఈ పిల్ల జవాబు వెతుక్కునేలోపు వాళ్ల మాట ఇంకెక్కడికో వెళ్లిపోయేది. దాంతో మాట్లాడటమే మానేసింది. రిసెస్‌లో ఒక్కతే తినేది. ఇంటికొచ్చి ఒక్కతే తాళం తీసుకునేది. కాపొయెరాలో మాటలతో పెద్దగా పనిలేదు. అందుకే వారం మొత్తంలో ఈ క్లాసంటేనే ఇష్టం.

ఇవాళ అమ్మకి చూపించాలని కొత్త పల్టీ నేర్చుకుంది. సోఫా పక్కకి జరిపి, కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి విసుక్కునేదాకా సాధన చేసింది.

కానీ టీచర్ శాంతిని అక్క గీతాంజలిని డోలు దగ్గర నిలబెట్టింది.

"నీ చెయ్యి లయ తప్పదు గీతా. చిన్నదాని ఆట అవ్వనీ, తర్వాత నీదే" అంది.

చిన్నది అంటే ఆలియా. ఎనిమిదేళ్ల మలయ్ పిల్ల. చేరి చాలా రోజులైనా రోడాలో అడుగు పెట్టలేదు. రమ్మంటే గోడకి అతుక్కుపోయేది. ఇవాళ ఏమనుకుందో ఏమో, తనంతట తనే ముందుకొచ్చింది. కౌశల్ అనే అబ్బాయితో చేతులు కలిపి ఆట మొదలుపెట్టింది. బెదురుబెదురుగా కాలు లేపింది.

గుమ్మంలో అమ్మ వాచీ చూసుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

గీతాంజలికి ప్రాణం కొట్టుకుపోయింది. అమ్మ వెళ్లిపోతే ఇంకెప్పుడు చూస్తుంది? ఉండబట్టలేక డోలు వదిలేసి, తన వంతు అందుకోవడానికి పరుగెత్తింది.

డోలు ఆగేసరికి చప్పట్లు చెల్లాచెదురయ్యాయి. పాట సగంలో తెగిపోయింది. శాంతిని అక్క చేతిలో విల్లులా ఉండే ఒంటితీగ వాయిద్యం కాసేపు ఒక్కటే మోగింది. తర్వాత అదీ ఆగింది.

ఆలియా అప్పుడే నేల మీద చేతులు పెట్టి కాళ్లు పైకి లేపబోతోంది. అలాగే ఆగిపోయింది. తనే ఏదో తప్పు చేశాననుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. పాపం, ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్లి గోడ పక్కన కూర్చుంది.

వాయిద్యం లేకపోయినా గీతాంజలి పల్టీ బ్రహ్మాండంగా వచ్చింది. "అబ్బో! మా అమ్మే!" అని తారాదేవి చప్పట్లు కొట్టి, గబగబా ట్రైన్‌కి వెళ్లిపోయింది. గీతాంజలి నవ్వుతూ గోడ వైపు తిరిగింది. అక్కడ ఆలియా లేదు. గుమ్మం బయట ఆ పిల్ల చెప్పులు కూడా లేవు.

శాంతిని అక్క ఒక్క మాటా అనలేదు. రెండు చీవాట్లు పెట్టినా బాగుండేది.

తర్వాతి శనివారం ఆలియా రాలేదు. క్లాసు అయ్యాక పిల్లలంతా వెళ్లిపోయారు. గీతాంజలి మాత్రం ఉండిపోయింది. ఖాళీ హాల్లో అక్క తన వాయిద్యం తీగ సడలిస్తోంది.

"మకాన్ అయిందా?" అంది అక్క, తిన్నావా అన్నట్టు. అక్క తెలుగామే గానీ, పుట్టింది మలేషియాలోని జొహోర్‌లో. ఆమె తెలుగులో మలయ్ మాటలూ, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా' కూడా కలుస్తుంటాయి.

"తినాలనిపించలేదక్కా. ఆలియా ఎందుకు రాలేదు?"

"వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది. తనవల్లే ఆట పాడైందని ఏడ్చిందంట. ఇంక రానన్నదంట."

"పాడుచేసింది తను కాదక్కా. నేను."

"తెలుసు."

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"మీ అమ్మ కోసం నువ్వు ఎంత ఎదురు చూసినావో అదీ తెలుసు" అంది అక్క. తీగ చుట్టి పక్కన పెట్టింది. "నేనూ ఈ హాల్లోనే నేర్చుకున్నా గీతా. జొహోర్ నుంచి వచ్చిన కొత్తల్లో ఇక్కడ నాకు ఎవరూ తెలీదు. బ్రెజిల్ మాస్టర్ ఒకాయన నేర్పించేవారు. పెద్దయ్యేదాకా ఆయన దగ్గరే ఉన్నా. తర్వాత ఆయన వాళ్ల దేశం వెళ్లిపోయారు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే మానేసినారు."

"అప్పుడేం చేశావక్కా?"

"మా ఫ్లాట్ల బ్లాక్ కింద ఖాళీ చోట ఒక్కదాన్నే ప్రాక్టీసు. నేను వాయిస్తే ఆడేవాళ్లు లేరు. నేను ఆడితే వాయించేవాళ్లు లేరు. చాన్నాళ్లు అట్లానే గడిచింది. ఇంక తట్టుకోలేక ఇక్కడికొచ్చి అడిగినా, హాలు ఇస్తే పిల్లలకి నేర్పిస్తానని. మొదటివారం ఒకే ఒక్క పిల్ల వచ్చింది. దానికి ఆడాలని ఉంది. సరే అని క్లాసంతా నేను వాయిస్తూనే ఉన్నా. నేను టీచర్ అయింది ఆ రోజే లా. ఈ తాడు తర్వాత వచ్చింది" అని నడుముకి కట్టుకున్న, టీచర్ హోదా తెలిపే రంగు తాడు చూపించింది.

గీతాంజలి తల వంచుకుని బయటికొచ్చింది.

రోడ్డు దాటితే ఆలియా వాళ్ల బ్లాక్. దాని కింద స్తంభాల మధ్య ఖాళీ చోట ఇంకెవరూ లేరు. ఆలియా ఒక్కతే స్తంభానికి ఎదురుగా నిలబడి అటూ ఇటూ ఊగుతోంది. స్తంభం మీదికి కాలు విసిరి, తనే వంగి తప్పుకుంటోంది. అది చూసి గీతాంజలి అక్కడే నిలబడిపోయింది. తను కూడా ఇంట్లో సోఫాతో ఇలాగే ఆడుతుంది మరి.

తనంతట తను వెళ్లి ఎవరితోనూ ఇంగ్లిష్‌లో మాట్లాడి ఎరగదు. అయినా దగ్గరికి వెళ్లింది.

"ఆలియా, నీ తప్పు కాదు. ఆ రోజు డ్రమ్ ఆపింది నేను. సారీ" అంది తడబడుతూ.

ఆలియా కళ్లు చికిలించి చూసింది. "ఎందుకు ఆపావు?"

"మా అమ్మ వెళ్లిపోతోందని."

"మళ్లీ ఆపుతావా?"

"ఆపను."

"ఓకే లా" అంది ఆలియా.

ఆ పై శనివారం ఆలియా వచ్చింది. తారాదేవి కూడా వచ్చింది. ఇంకా మంచి పల్టీ చూపిస్తానని కూతురు వారమంతా బతిమాలితే, ఆఫీసులో పర్మిషన్ అడిగి వచ్చింది. ముందు ఆలియా, తర్వాత తను ఆడాలని గీతాంజలి అనుకుంది. కానీ ఆలియా గోడ వదలడానికే బోలెడంతసేపు పట్టింది. ఆ పిల్ల రోడాలోకి వచ్చేసరికి గుమ్మంలో అమ్మ వాచీ చూసుకుంటోంది.

గీతాంజలి డోలు వాయిస్తూనే ఉంది.

ఆలియా పల్టీ వెయ్యబోయి దభీమని పడింది. పడగానే భయంగా డోలు వైపు చూసింది. డోలు ఆగలేదు. చప్పట్లూ ఆగలేదు. ఆలియా ఫక్కున నవ్వి, లేచి మళ్లీ కాలు విసిరింది.

"నువ్వెప్పుడే?" అన్నట్టు అమ్మ చేత్తో సైగ చేసింది. గీతాంజలి తల అడ్డంగా ఊపింది. అమ్మ మొహం చిన్నబోయింది. చెయ్యి ఊపి వెళ్లిపోయింది. గుమ్మం ఖాళీగా కనిపించేసరికి గీతాంజలికి ఏడుపు తన్నుకొచ్చింది. అరచేతులు మండుతున్నాయి. అయినా లయ తప్పనివ్వలేదు.

ఆలియా ఆడి ఆడి, ఇక చాలనిపించాక తనే బయటికొచ్చింది. రొప్పుతూ నేరుగా డోలు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఇంకొక్కసారి ఆడనా?"

చేతులు ఖాళీ లేవు కాబట్టి గీతాంజలి భుజంతోనే కళ్లు తుడుచుకుంది.

"ఆడు" అంది.