మలుపు దగ్గర బిస్కెట్టు

"మా అన్న కుక్కను చంపే మనిషి కాదండీ! దానికి జ్వరమొస్తే పక్కనే పడుకున్నవాడు!"

డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోనే కూలబడిన ఆమెకు టైపిస్టు మంచినీళ్లిచ్చింది. పేరుకు టైపిస్టే గానీ, డిటెక్టివ్ పెద్దాయన వెంట ఆరేళ్లుగా ప్రతి కేసుకూ తిరిగేది ఆమే. ఆయన బుర్ర మీద ఆమెకు దేవుడి మీదకన్నా ఎక్కువ నమ్మకం.

వాసన పట్టే కుక్కలకు శిక్షణ ఇచ్చే బడిలో ఆ అన్న గదులు కడుగుతాడు. నిన్న పొద్దున్న మిరియం అనే నల్లకుక్క విషం కలిపిన మాంసం తిని చచ్చిపడి ఉంది. పక్కనే అతని తువ్వాలు ముక్క దొరికింది. దాన్ని వాసన చూపించి గోధుమరంగు కుక్కను వదిలితే, అది వెళ్లి అతని గుమ్మం ముందు కూర్చుంది. పోలీసులు వెంటనే అతన్ని తీసుకెళ్లి లాకప్‌లో పడేశారు.

"తువ్వాలు మూడు రోజుల కిందటే దండెం మీంచి పోయిందండీ. చెబితే వినే నాథుడేడీ?"

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకున్నాడు. "కుక్కకు అబద్ధం చెప్పడం రాదు సార్."

"నిజమే. ఏ దారిన వెళ్లింది?" అడిగాడు పెద్దాయన.

"వెనక గోడ కంతలోంచి దూరి, మైదానం చుట్టూ తిరిగింది. మూడు మలుపులు. ఆగి ఆగి నేల నాకుతూ పోయింది."

"అతని ఇల్లు గేటుకు ఎదురుగానే కదా?"

"గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడుగా! అందుకే చాటుగా పోయాడు."

టైపిస్టుకు ఒళ్లు మండింది. పెద్దాయన మాత్రం ఆ దారంతా నడిచాడు. రెండో మలుపు దగ్గర గడ్డిలో చీమల బారు చూసి వంగాడు. ఏదో తీసి కవర్లో వేసుకున్నాడు.

మైదానంలో ట్రైనర్ కొత్త కుక్కకు వాసన బాట వేస్తున్నాడు. పాత గుడ్డను నేల మీద ఈడ్చుకుంటూ, వాళ్లతో కబుర్లాడుతూనే నడిచాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ అతని చెయ్యి చూడకుండానే జేబులోంచి ఒక బిస్కెట్ ముక్క తీసి పడేసింది.

"మలుపు సరిగ్గా పట్టుకుంటే దానికి బహుమతి," అన్నాడు నవ్వుతూ.

మర్నాడు పెద్దాయన అందరినీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టాడు. బేడీలతో అన్న, పక్కన చెల్లెలు, ట్రైనర్ కాళ్ల దగ్గర గోధుమరంగు కుక్క. ఆయన కవరు విప్పి బల్లమీద ఒక బిస్కెట్ ముక్క పెట్టాడు.

"రెండో మలుపులో కుక్కకు అందకుండా గడ్డిలో చిక్కుకుపోయిన ముక్క ఇది. మిగతా రెండూ అది తినేసింది. నేల నాకింది అందుకే. తనను పట్టుకోవడానికి వచ్చే కుక్కకు దారిపొడవునా మేత వేసే దొంగ ఉంటాడా? కాజేసిన తువ్వాలును ఈడ్చుకుంటూ బాట వేసింది నువ్వే. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు!" అన్నాడు ట్రైనర్ వైపు తిరిగి.

ట్రైనర్ ముఖం పాలిపోయింది. "నా కుక్కను నేనెందుకు చంపుకుంటాను?"

"తప్పు చేసినప్పుడల్లా మిరియం ముక్కుకు ఘాటు ఫినాయిలు పూశావు. వాసనే పోయింది. రేపు కుక్కలకు జరిగే పరీక్షలో ఆ సంగతి బయటపడేది. పాతిపెట్టిన శవాన్ని తవ్వించాం. ముక్కు లోపలంతా మాడిపోయిందని డాక్టరు రాసిచ్చాడు."

"కుక్కే కదా!" అని అరిచాడు ట్రైనర్. ఆ మాటతో ఇన్‌స్పెక్టర్ లేచి బేడీలు ఈ చేతుల నుంచి ఆ చేతులకు మార్చాడు.

పెద్దాయన ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "ఈ ఫినాయిలు సంగతి గదులు కడిగే ఇతను మీకు ముందే కాగితం మీద రాసిచ్చాడు. మీరు విచారించమని ఆ కాగితాన్ని ట్రైనర్ చేతికే ఇచ్చారు. అందుకే నేరం ఇతని మీదికి నెట్టాడు. సిగ్గు లేదూ?"

"బడి పరువు... బయట తెలిస్తే..." నసిగాడు ప్రిన్సిపాల్. "నువ్వు రేపటినుంచి మళ్లీ పనిలోకి వచ్చెయ్యవయ్యా," అని అన్న వైపు తిరిగాడు.

అన్న ఆ మాట విననేలేదు. నేల మీద కూర్చుని గోధుమరంగు కుక్క మూతిని రెండు చేతులతో ఎత్తి చూస్తున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీనిక్కూడా మొదలైందయ్యా. ముక్కు ఎర్రబడింది. ఇంకా మించిపోలేదు."

ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు.

ఆరేళ్లుగా ఎవరి ముందూ గొంతెత్తని టైపిస్టు బల్లమీద దబ్బున చెయ్యి వేసింది. "గడియారం కాదు, ఫోనందుకోండి! డాక్టర్ని పిలవండి. ఇప్పుడే!"

ప్రిన్సిపాల్ ఫోనందుకున్నాడు.