శ్రమదినాల్లో సాసేజీలు

"ఇవేంటి?" అంది క్రిస్టినా, పప్పుగిన్నెలోకి తొంగిచూసి.

"సాసేజీలు," అన్నాడు ఐజాక్ గర్వంగా. "చికెన్‌వి. వెల్లుల్లితో వేయించి పప్పులో వేశా. మా హోటల్లో దీనికెంత గిరాకీయో తెలుసా?"

క్రిస్టినా చేతిలోని ఎండుమిరపకాయల పళ్ళెం గట్టు మీద పడింది. కాలంగాని చినుకులు మొదలైతే, డాబా మీద ఆరబెట్టిన మిరపకాయలు తేవడానికి వెళ్ళింది, అంతే. ఆ కాస్త సేపట్లోనే ఈ మహానుభావుడు కొంప ముంచాడు.

"శ్రమదినాల్లో మాంసమా? మా ఇంట్లో? ఈస్టర్ ముందు ఈ నలభై రోజులూ మేం గుడ్డు కూడా ముట్టుకోం!"

"మా బాప్టిస్టు చర్చిలో ఆ పట్టింపు లేదుగా..."

"మేం లూథరన్లం! ఇన్నాళ్ళ నుంచీ బిర్యానీ వద్దంటున్నాను కదా, ఎందుకనుకున్నావ్?"

"డైటింగ్ అనుకున్నా."

వేరే రోజైతే ఆమె పడీపడీ నవ్వేది. ఇవాళ ఏడుపొచ్చింది. నాన్న యెహెజ్కేలుగారు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లోనూ సూపరింటెండెంటే. సాయంత్రం రావులపాలెం నుంచి ఆమెని చూసుకోడానికి పెళ్ళిచూపులవారు వస్తున్నారు. "వాళ్ళకి మాటిచ్చే ముందు నీవాణ్ణి ఒక్కసారి చూస్తాను. మధ్యాహ్నం భోజనానికి రమ్మను," అన్నారాయన.

అమ్మ ప్రసన్నకుమారి చేతికి కట్టు ఉంది కాబట్టి, వంట తనే చేస్తానని ఐజాక్ ముందుకొచ్చాడు. కమ్మటి పప్పు, వేడన్నం, నెయ్యి ఉంటే మా నాన్నకి ఇంకేం అక్కర్లేదని క్రిస్టినా చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కానీ రాజమండ్రి హోటల్లో వంటవాడికి ఉత్త పప్పు వండడం నామోషీ అయిపోయింది.

వీధి అరుగు మీంచి అమ్మ కేకేసింది. "అమ్మాయ్, నాన్నగారు చర్చి నుంచి వచ్చేశారే!"

"ఏరెయ్," అంది క్రిస్టినా గుసగుసగా. "ముక్కలన్నీ ఏరేసి, నోరు మూసుకుని వడ్డించు. తాలింపు వాసనలో ఏం తెలీదు."

"పప్పుకి పట్టేసి ఉంటుంది క్రిస్టీ. ఇంకోసారి వండుతా."

"టైమ్ ఎక్కడుంది? ఐజాక్, నేను నీకు కావాలా, వద్దా?"

ఆ ప్రశ్నకి అతని దగ్గర ఒక్కటే జవాబు. గరిటె తీసుకుని ముక్కలన్నీ ఏరాడు.

అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. యెహెజ్కేలుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ఈ ఆహారం వండిన చేతుల్ని కూడా దీవించు తండ్రీ" అనేసరికి ఐజాక్‌కి తన చేతులు దాచుకోవాలనిపించింది.

ఆయన నెయ్యి వేసుకుని అన్నం కలిపారు. "వాసన బాగుందోయ్," అంటూ మొదటిసారి కాస్త నవ్వారు. బల్ల కింద క్రిస్టినా ఐజాక్ కాలు గట్టిగా తొక్కింది. ముద్ద ఆయన నోటిదాకా వెళ్ళింది.

"తినకండి అంకుల్!"

అందరూ అతని వైపు తిరిగారు.

"అందులో మాంసం ఉడికిందండి. సాసేజీలు. మీకు శ్రమదినాలని నాకు తెలీదు. తెలిశాక ముక్కలు తీసేశాను గానీ... మీరు తినకూడదండి."

ముద్ద కంచంలోకి దిగింది.

"మా అమ్మాయికి తెలుసా?"

ఐజాక్ తల వంచుకున్నాడు.

"తెలుసు నాన్నా," అంది క్రిస్టినా. "ఏరెయ్యమన్నదీ, చెప్పొద్దన్నదీ నేనే. ఇతన్ని ఎక్కడ పోగొట్టుకుంటానో అని భయమేసింది. ఇతనంటే నాకు ప్రాణం నాన్నా."

ఆ మాట ఇంతవరకూ ఆమె ఐజాక్‌తోనే అనలేదు. అతను తలెత్తి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

యెహెజ్కేలుగారు లేచి చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో నెమ్మదిగా తుడుచుకుని ఫోన్ తీశారు.

"ఏవండీ, కాస్త ఆలోచించండి," అంది ప్రసన్నకుమారి. ఆయన వినిపించుకోలేదు.

"సత్యప్రసాద్ గారాండి? నమస్కారమండి, ధవళేశ్వరం నుంచి. సాయంత్రం మీరు బయల్దేరకండి... అబ్బే, మీ అబ్బాయికేం అండి, బంగారం. మా అమ్మాయికి సంబంధం కుదిరిపోయిందండి."

క్రిస్టినా రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఐజాక్‌కి లేచి నిలబడాలో కూర్చోవాలో అర్థం కాలేదు.

యెహెజ్కేలుగారు కుర్చీ ఎత్తుకుని వంటింటి వైపు నడిచారు.

"ఆకలేస్తోంది, కుక్కర్ పెట్టవోయ్ అల్లుడూ," అన్నారు. "ఈసారి నేనిక్కడే కూర్చుంటా."