ఊరూ పేరూ లేని తాటాకు

కుందనగిరి రాజ్యంలో ఒక మూలగ్రంథం ఉండేది. అందులో ఏం రాస్తే అది జరిగి తీరేది. అందుకే కట్టుబాటు గట్టిది. ముందు విడి తాటాకు మీద రాయాలి. ఎవరు, దేనికోసం రాశారో పైన పేరు పెట్టాలి. ఇద్దరు చదివి సరేనన్నాకే గ్రంథంలో కలిపి కుట్టాలి. గ్రంథానికి హారతి ఇవ్వగానే కొత్త ఆకులన్నీ ఫలించేవి; ఆ హారతి ఏటా రాజుగారి పుట్టినరోజున ఇచ్చేవారు.

ఆ ఏడు హారతి అయ్యి, పరమాన్నం నోట పెట్టుకున్నారో లేదో, రాజుతో సహా సభంతా రాళ్లైపోయింది! ఆలస్యంగా వచ్చిన వకుళ, గ్రంథపాలకుడైన తన అన్న గుణనిధి రాతి చెయ్యి తాకి కెవ్వుమంది. ఆమెకు నా అన్నవాడు అతనొక్కడే.

"ఇది ఏడు కొండల అవతలి ద్విముఖుడి పనే!" అన్నారు కోట బయటి జనం.

ఆ రాక్షసుడి చేత విరుగుడు రాయించాలని వకుళ గ్రంథాన్ని వీపున కట్టుకుని బయలుదేరింది. ముళ్ల అడవిలో పాదాలు చీరుకుపోయాయి. ఊబిలో మోకాళ్లదాకా దిగబడి, వెదురుగడ ఊతంతో బయటపడింది. ఏడో కొండ గుహలోంచి రెండు తలలు ఒకేసారి గర్జించాయి.

"మా అన్నను రాయిని చేశావు కదరా! మళ్లీ మనిషిని చెయ్యి!" అని అరిచింది వకుళ.

"నేనా?" ఎడమ తల నోరు వెళ్లబెట్టింది.

"గ్రంథంలో చూడు పిల్లా, ఎవరో దొంగచాటుగా ఆకు కలిపేసి ఉంటారు," అంది కుడి తల.

వకుళ ఆకులన్నీ తిరగేసింది. ఒక్కదాని మీద మాత్రం పేరు లేదు. "బెల్లం ముట్టిన ప్రాణి రాయైపోవాలి" అని ఉందంతే.

ఆ అక్షరాలు తనవే! ఆ ఏడాదిలోనే ఎప్పుడో బెల్లం కుండకు చీమలు పడుతున్నాయని విసిగి, ఇంత చిన్నదానికి ఇద్దర్ని ఎవరు బతిమాలతారులే అని, అన్న స్నానానికి వెళ్లినప్పుడు గబగబా కుట్టేసింది. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయింది. చీమల మీద కోపం రాజ్యం మీద పడింది!

"పేరులేని ఆకును ఎవరూ ఊడదీయలేరు. ఎవరిదే ఇది?" అంది కుడి తల.

"నాదే," అని వెక్కుతూ పేరు రాసింది వకుళ. కుట్టు దానంతటదే విడిపోయింది. ఆకు ఊడినా జరిగింది దానంతట మారదు గనక, ఆమె కొత్త ఆకు తీసుకుని, పేరు పెట్టి, "రాజ్యంలోని రాళ్లన్నిటికీ ప్రాణం రావాలి" అని రాసింది.

"బాగుంది," అంది ఎడమ తల.

"బాగుందా, నీ మొహం! మన కొండ లేచి నడిస్తే ఎక్కడ పడుకుంటావు?" అంది కుడి తల.

వకుళ ఉలిక్కిపడి దిద్దింది: "బెల్లం ముట్టి రాళ్లైనవన్నీ మనుషులు కావాలి."

ఈసారి ఎడమ తల అదిరిపడింది. "అమ్మో, చీమలు కూడానా?"

మూడోసారి, "బెల్లం ముట్టి రాయైన ప్రతి ప్రాణీ తన పూర్వరూపం పొందాలి" అని రాశాక రెండు తలలూ ఊగాయి. వకుళ ఆకు కుట్టి, హారతి ఇచ్చి, ద్విముఖుణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి అన్న కోట గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. ఆమె అతణ్ణి పట్టుకుని బావురుమంది.

సభలో తప్పంతా తనదేనని చెప్పింది. రాజు నిర్ఘాంతపోయాడు. అయినా, "నిజం ఒప్పుకున్నావు. ఇకపై అన్నతో పాటు నువ్వూ గ్రంథపాలకురాలివి," అని ఆకు మీద ఆజ్ఞ రాసి, సూది అందుకున్నాడు.

వకుళ గ్రంథానికి అడ్డం నిలబడింది.

"ఇద్దరు చదవాలి, ప్రభూ."

రాజు తెల్లబోయి ఆమెను చూశాడు, సూదిని చూశాడు. తర్వాత సింహాసనం దిగి, ఆ ఆకును ద్విముఖుడి చేతికిచ్చి, అతను చదివేదాకా నిలబడే ఉన్నాడు.